మంచె మీద స్కోపు గోల

మా బావకి అచ్చంపేట దగ్గర నాలుగెకరాల పల్లి చేనుంది. యాసంగిలో అడవి పందుల పుణ్యమా అని ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. పోయినేడు అనుమతి తెచ్చుకుని లైసెన్సున్న షూటర్ని పిలిపించారు. (సరదా వేట 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. చేలో ఉన్న పంటని పాడుచేసే జంతువైనా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ ఎత్తకూడదు.) ఆయన ఖరీదైన కొత్త స్కోపుతో వచ్చాడు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్, 3 నుంచి 12 దాకా జూమ్. నేనూ మంచె ఎక్కి కూర్చున్నా.

పంది వచ్చింది, 60 మీటర్లు కూడా లేదు. స్కోపు 3లో ఉంది. నల్ల పంది మీద వెంట్రుకంత నల్ల గీతలు... కనబడితే ఒట్టు. సరే గీతలు కనబడాలని 12కి తిప్పితే పందే కనబడకుండా పోయింది. ఆయన కాల్చకుండా రైఫిల్ దించేశాడు. బావ మొహం మాడిపోయింది గానీ, నా మటుకు నాకు ఆయన చేసిందే కరెక్టు. గాయపడ్డ పంది పక్క చేలో నక్కితే, పొద్దున్నే కూలికొచ్చే ఆడవాళ్ళ మీదకే కదా దూకేది!

ఇంతకీ సంగతేంటంటే, రెటికిల్, అంటే గురి గీతలు, జూమ్ చేసే కటకాలకి ముందుంటే ఫస్ట్ ప్లేన్, వెనకుంటే సెకండ్ ప్లేన్. ఫోన్ మ్యాపులో డిండి చెరువు జూమ్‌తో పాటు పెద్దదవుతుంది, మనం గుచ్చిన పిన్ను మాత్రం అంతే ఉంటుంది చూశారా? చెరువు ఫస్ట్ ప్లేన్, పిన్ను సెకండ్.

ఫస్ట్ ప్లేన్‌లో 1 మిల్ అంటే ఏ జూమ్‌లోనైనా 100 మీటర్ల దగ్గర 10 సెం.మీ. సెకండ్ ప్లేన్‌లో ఆ లెక్క ఒక్క జూమ్‌లోనే, మామూలుగా అన్నిటికన్నా పెద్ద జూమ్‌లోనే కుదురుతుంది. 3-9 స్కోపుని 3లో పెడితే అదే గీత 30 సెం.మీ. అవుతుంది. మర్చిపోయి కింది గీతతో గురి పెడితే జానెడు తేడా. ఐదారొందల మీటర్లు కాల్చేవాళ్ళు ఫస్ట్ ప్లేనే కావాలంటారంటే అందుకే, న్యాయమే.

కానీ 60 మీటర్లకి ఆ కింది గీతలతో పనేముంది? నడిమి గురి ఏ ప్లేన్‌లోనైనా ఒకటే. కావాల్సింది చీకట్లో కనబడే లావు గీత, చేనంతా కనబడే చిన్న జూమ్. రెండూ చవకైన సెకండ్ ప్లేన్‌లోనే ఉన్నాయి. పదిమంది వాడే అప్లికేషన్‌కి వంద సర్వర్ల డిజైన్ గీసేవాళ్ళని ఆఫీసులో రోజూ చూస్తుంటా, ఇదీ ఆ జబ్బే. వెలిగే చుక్క ఉన్న ఫస్ట్ ప్లేన్ కొనొచ్చుగా అంటారా? కొనండి, బ్యాటరీ అయిపోయిన రాత్రి నన్ను తిట్టుకోవద్దు :)

మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే, తూటాలు తీసేసిన రైఫిల్‌తో ఖాళీ గుట్ట వైపు చూస్తూ జూమ్ తిప్పండి. గీతలు లావైతే ఫస్ట్, అలాగే ఉంటే సెకండ్. ఈ యాసంగికి పాత సెకండ్ ప్లేన్ స్కోపే బిగించుకొస్తానని ఆ షూటర్ బావకి ఫోన్ చేశాడు.