నెల్లూరులో వేడి యంత్రం ఎందుకన్న బ్యాంకుకు

ప్రాంతీయ మేనేజర్ గారికి,

మా రొయ్యల హేచరీలో హీట్‌పంపు పెట్టుకోడానికి అడిగిన అప్పును మీ కార్యాలయం తిప్పిపంపింది. నెల్లూరు ఎండలకు నీళ్లు వేడిచేసే యంత్రం అవసరం కనబడలేదట. రోహిణీ కార్తెలో వచ్చి, ఏసీ కారు అద్దం దించకుండా చూసిపోయారా? ధనుర్మాసం ముసురులో మా రామతీర్థం వైపు ఎవరైనా వచ్చారా?

వనామి రొయ్యపిల్లకు 28 నుంచి 32 డిగ్రీల నీళ్లు కావాలి. చలికాలం తెల్లారేసరికి ట్యాంకు 26కి జారుతుంది. అప్పుడు మా టెక్నీషియన్ బీకరులో నీళ్లు ముంచి వెలుతురుకెత్తి చూస్తాడు. మేత తిన్న జూయా దశ పిల్ల వెనక సన్నటి మలం దారం వేలాడాలి. అది లేదంటే తిండి మానేసినట్టే. పొర విడవడం (మోల్టింగ్) ఆగుతుంది, రోగం అందుకుంటుంది. ఈ పిల్లల్నే సీడుగా కొనడానికి అడ్వాన్సిచ్చిన రైతుకు ఏం చెప్పమంటారు? మీ అప్పు తీరేది ఆ సీడుతోనే కదా?

ఇప్పుడు సర్వి కట్టెల బాయిలరు, అదీ చాలకపోతే కరెంటు హీటర్లు. 100 టన్నుల నీళ్లను 4 డిగ్రీలు పెంచాలంటే హీటరుకు దాదాపు 465 యూనిట్లు కావాలి. హీట్‌పంపు వేడిని పుట్టించదు, ఏసీ పద్ధతిలోనే బయటి గాలిలో ఉన్నదాన్ని లాగి నీళ్లలోకి ఎక్కిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు నాలుగు యూనిట్ల వేడి వస్తే 116 యూనిట్లతో పని అయిపోతుంది. మా చలికాలపు గాలి 20 డిగ్రీలుంటే చలి అంటాం కానీ యంత్రానికి అది పండగే. నార్వేలో డ్రామెన్ ఊరు 8 డిగ్రీల సముద్రపు నీళ్లలోంచి వేడి తోడుకుని ఇళ్లకు పంపుతోంది. మన బంగాళాఖాతం అంతకన్నా చల్లనా?

కొటేషన్లో టైటానియం కాయిల్ చూసి విలాసం అనుకున్నట్టున్నారు. ఉప్పునీళ్లు రాగిని తినేస్తాయి. నీళ్లలో కలిసిన రాగి పిల్లల్ని తినేస్తుంది. ఈ రెండు ముక్కలు ఫోన్ చేసి అడిగితే మేమే చెప్పేవాళ్లం కాదూ? డీజిల్ జనరేటరుకు అప్పడిగిన రోజు ఏ అవసరం చూపించమన్నారు? అప్పుడు సంతకం చకచకా పడిందే!

మిచాంగ్ తుఫాను తర్వాత వాయిదాలు సర్దమని తిరిగిన తిరుగుడు ఇప్పుడెత్తను. పర్యావరణానికి మేలుచేసే అప్పులంటూ మీ బ్రాంచి గోడకు పోస్టరు అంటించారు. అందులో హీట్‌పంపు పడదా? పడకపోతే ఏది పడుతుంది? రొయ్యంటే గుంటలు తప్ప హేచరీ కనబడదా? అసలు మా ఫైలు చదివినవాళ్లు సముద్రం చూశారా?

దరఖాస్తు మళ్లీ ఒకసారి చూడండి. ఏదో ఒక దారి మీరే చెప్పండి. చూడ్డానికి మనిషిని పంపేటట్టయితే మాత్రం ఎండాకాలం దాకా ఆగొద్దు.

ఇట్లు,
విడవలూరు మండల తీరం నుంచి ఒక హేచరీ యజమాని