గాయపడిన కుక్కపిల్ల

ముద్దుగ పెంచుకొను కుక్కపిల్ల మోటారుబండి క్రింద పడి కాలు విరుగగొట్టుకొన్న దినమున ఆ యింట నెవ్వరికిని అన్నము దిగదు. పిల్లలు ఏడ్తురు. పెద్దలలో నొకరైనను "కుక్కకు శస్త్రచికిత్సయా, యేమి చోద్యము!" అనక మానరు. అట్టివారికి మేము భారతమును జ్ఞాపకము చేయుదుము. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి రాజునే నిలదీసినది.

దెబ్బ తగిలిన కూనను రొమ్మున హత్తుకొనబోవుదుము, అది కూడదు. నొప్పితో నున్న కుక్క తనను ప్రేమించిన చేతినే కరచును. మెత్తని గుడ్డను మూతికి చుట్టి, చదునైన పలకమీదికి చేర్చి, కదలకుండ పశువైద్యునియొద్దకు గొనిపోవలెను. వాంతియో ఎగరొప్పో యున్నచో మూతికి గుడ్డ చుట్టరాదు. కరచినచో గాయమును సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలెను. మన కుక్కయే గదా యని ఊరకుండరాదు. మనము నొప్పికి మ్రింగు పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ బిళ్లలను వైద్యుడు చెప్పక దానికి వేయరాదు. అవి ప్రాణాపాయము తేగలవు.

లేతకూన యెముక చివరలయందు మృదులాస్థి పొర యొకటి యుండును. కాలు పొడవుగ పెరుగుట దానివలననే. అది చెదరినచో ఎముక అతికినను కాలు వంకరగ పెరుగవచ్చును. కావున ఎక్స్‌రే తీయించక నాటుకట్టు కట్టించుట మాకు సమ్మతము గాదు.

శస్త్రమునకు ముందు ఏమియు పెట్టవలదని వైద్యుడు చెప్పినను, ఆ మూలుగు వినలేక చాటుగ పాలు పోయు తల్లులను ఎరుగుదుము. మత్తులో వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. అటులని మరీ పసికూనను దీర్ఘకాలము పస్తుంచినను రక్తములోని చక్కెర పడిపోవును. ఎన్ని గంటలో వైద్యునే అడుగవలెను.

మేము చూచిన యొక కూనకు మూడు నెలలు. తొడయెముక రెండు తునకలైనది. లోపల ఉక్కుకడ్డి వేసి అతికించిరి. ఇంటికి తెచ్చిన మరునాడే అది మూడు కాళ్లమీద గంతులు వేయసాగెను. ఇంటివారు సంతోషించిరి, మాకు భయమయ్యెను. నొప్పి తగ్గగనే కూన కాలు విరిగిన సంగతి మరచును, ఎముక మరువదు. పెద్దకుక్కలకంటె లేతకూనలకు ఎముక శీఘ్రముగ, తరచు నాలుగైదు వారములలోనే, అతుకును. అంతవరకు దానిని చిన్న గూటిలో నుంచి, కాలకృత్యములకు మాత్రమే త్రాటితో వెలుపలికి తీసికొనిపోవలెను.

కుట్లు నాకకుండ దాని మెడకు గరాటువంటి పట్టె కట్టిరి. ఆ యింటి బామ్మగారు జాలిపడి దానిని రెండుమారులు విప్పిరి. మూడవనాడు కుట్టొకటి తెగినది. అటుపిమ్మట ఆమెయే దానికి కావలి. గూటిప్రక్కన పీట వేసికొని బియ్యమేరుకొనుచు, అది అరచినపుడెల్ల దానితో మాటలాడుచుండెడివారు. ఐదవ వారమున ఎముక అతికినదని ఎక్స్‌రేలో తేలెను. నడకలో కొద్ది కుంటు మిగిలినది. మెట్లు మాత్రము పిల్లలకంటె ముందుగ ఎక్కుచున్నది.