సైకిలువానికి దారి యేది?

హైదరాబాదునకును సికింద్రాబాదునకును నడుమ హుస్సేనుసాగరమున్నది. 1562లో నిర్మింపబడిన యీ చెరువుకట్టయే జంటనగరములను కలుపు ముఖ్యమార్గములలో నొకటి. 1591లో వెలసిన పాతనగరమును, 1806లో నాంగ్లేయుల దండుగా నేర్పడిన సికింద్రాబాదును 1960లో నొకే పురపాలక సంస్థ క్రిందికి వచ్చినవి. కాగితముపై హద్దు చెరిగినది. కాని యొక నగరమున నిద్రలేచి రెండవ నగరమున పనికి సైకిలుపై పోవలసిన పేదవానికి ఆ దారి యేటేట దుర్గమమగుచున్నది. ఈ విషయమున అధికారులు వహించిన యుదాసీనతను మేము హర్షింపజాలము.

దూరము గొప్పది కాదు. సికింద్రాబాదు రైలుస్టేషనునుండి చార్మినారునకు సుమారు 10 కిలోమీటర్లు. మహాత్మాగాంధి రోడ్డున రాణిగంజు చేరి, ట్యాంకుబండు దాటి, ఆబిడ్సు, మొజంజాహి మార్కెటు, అఫ్జలుగంజుల మీదుగా నయాపూలునొద్ద మూసీని దాటినచో గమ్యము చేరినట్లే. నెమ్మదిగా త్రొక్కినను గంటసేపటి పని. అయినను ఈ గంటలో వాని ప్రాణము గుప్పిట నుండును. ఎడమయంచున పోదమన్నచో కార్లు వరుసగా నిలిపియుందురు. నడుమకు వచ్చినచో వెనుకనుండి హారన్లు మ్రోగును. బస్సు స్టాపునకై యెడమకు మరలినప్పుడు వాడు బస్సునకును కాలిబాటకును నడుమ నలుగును. పైవంతెన మొదట సూటిగా పోవలసినవానికి అడ్డముగా మోటార్లు వేగమున దూసికొనిపోవును.

వీరెవ్వరు? వేకువనే పాలును పత్రికలును పంచువారు, రాత్రి కావలివారు, హోటళ్ల పనివారు, తాపీపని కూలీలు, సైకిలుపై తేనీరు పెట్టుకొని యమ్ముకొనువారు. పురము మేల్కొనుటకు ముందే మేల్కొని పురమును నడుపువారు వీరే.

సైకిలుబాటలు మన ప్రభుత్వమునకు తెలియనివి గావు. 2023లో బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల బాటను, పైన సూర్యరశ్మినుండి విద్యుత్తును పుట్టించు కప్పుతో నిర్మించిరి. వ్యాయామమునకును ఉల్లాసమునకును త్రొక్కువారిని మేము నిందింపము. కాని పొట్టకూటికై త్రొక్కువానికి నగరమధ్యమున మూరెడు వెడల్పు నీడయైన నక్కఱలేదా?

రోడ్డు వెడల్పు చాలదని కొందఱందురు. నిలిపిన కార్లకు చాలిన వెడల్పు కదలు సైకిలునకు చాలకపోవుట వింత. సైకిళ్లు త్రొక్కువారే తగ్గిరని మఱికొందఱందురు. ఇది రేవున పడవ తీసివేసి, ఏరు దాటువారే లేరనుట వంటిది. 2013లో కలకత్తా పోలీసువారు 174 వీథులలో సైకిళ్లను నిషేధింపగా పాలవారును చిల్లర వర్తకులును తమ జీవనోపాధికి దెబ్బ తగిలినదని మొఱపెట్టిరి. మన యీ మార్గమున అట్టి యాజ్ఞ లేదు. కాని దారి నియ్యకుండుట యాజ్ఞ లేని నిషేధమే.

కదలవలసినవారు మనుష్యులు గాని వాహనములు గావని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే యుద్ఘోషించినది. మన దేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నది. సైకిలునకు చుక్క చమురక్కఱలేదు. లూథియానా వంటి మన పట్టణములలోనే యది తయారగుచున్నది. ఇంతకంటె స్వదేశీ వాహనము మఱియేది?

మేము కోరునది కోట్ల వ్యయము కాదు. ట్యాంకుబండుపై చెరువువైపున అడ్డువీథులు లేవు. అచ్చట చిన్న గట్టు కట్టి సైకిళ్లకు బాట వేఱుచేయుట సులభము. 2021లో ఆదివారపు సాయంకాలములందు ఆ కట్టనే వాహనములకు మూసి నడచువారికి విడిచిరి. సంకల్పమున్నచో సాధ్యమని దానితో తేలినది. మిగిలిన దారిలో ఎడమయంచున కార్లు నిలుపుటను మాన్పవలెను. కూడళ్లలో మోటార్లకంటె కొన్ని క్షణములు ముందుగా సైకిళ్లను విడువవలెను. పైవంతెనల మొదట వానికి గీతలు గీసి దారి చూపవలెను.

పౌరులకును ఒక మాట. మన యింటికి వేకువనే పాలు తెచ్చినవానిని పదిగంటలకు రోడ్డుపై హారనుతో తరుముట ధర్మము కాదు. అధికారులొక్క దినము తమ కార్లను విడిచి, సికింద్రాబాదునుండి చార్మినారువఱకు సైకిలుపై పోయి చూతురుగాక. పిమ్మట మా సంపాదకీయముతో పనియుండదు.