దళారి చూపే కాగితం

ఈ నెల మాట ‘దళారి’. ఇల్లు ఇచ్చేవారికీ తీసుకునేవారికీ మధ్య నిలబడి కమీషన్ తీసుకునే మనిషి. తెలుగులో ఈ మాటకు కొంచెం చెడ్డపేరుంది. అరబ్బీ ‘దల్లాల్’ ఉర్దూ మీదుగా మనకు దళారి అయింది. ‘కిరాయి’ కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. కోస్తావాళ్ళు ఎక్కువగా ‘అద్దె’ అంటారు, తెలంగాణవాళ్ళు ‘కిరాయి’ అంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనేవారో అడిగి చూడండి.

ఈ రెండు మాటలూ తిరిగి పుట్టింటికి చేరిన చోటు ఖతార్. దోహాకు నైరుతి వైపున్న ఐన్ ఖాలిద్‌నే తీసుకోండి. ‘ఐన్’ అంటే నీటి ఊట. ఇప్పుడక్కడ వరసగా విల్లాలు. దోహా చుట్టుపక్కల ఒక్క విల్లాను పార్టిషన్లు పెట్టి, గదికొక కుటుంబానికి ఇవ్వడం మామూలే. అనుమతి లేకుండా అలా చేయడం మాత్రం నేరం.

2017లో ఖతార్ 22వ నంబరు చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా ఇళ్ళ దళారీ పని చేయకూడదు. లైసెన్సులిచ్చే పనిని న్యాయ మంత్రిత్వ శాఖకు అప్పగించారు. అద్దెల సంగతి అంతకుముందే, 2008 నాటి 4వ నంబరు చట్టంలో ఉంది. ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. యజమాని రాసి ఇవ్వకుండా అద్దెకున్నవారు ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. తగాదా వస్తే వినడానికి ప్రత్యేక కమిటీలున్నాయి.

మంచి చట్టాలే. కానీ గది చూపించే మనిషి చాలాసార్లు దళారి కాడు, ఆ విల్లాను తానే కిరాయికి తీసుకున్నవాడు. మాట ఇలా సాగుతుంది:

“అన్నా, కాగితం మీద మాలిక్ సంతకం ఉందా?”

“నేనున్న కదా తమ్మీ!”

ఆ ‘నేనున్న’ను ఏ ఆఫీసులోనూ రిజిస్టరు చేయరు. భార్యాపిల్లలను పిలిపించుకోవాలంటే రిజిస్టరైన అద్దె ఒప్పందం అడుగుతారు. పార్టిషన్ గదిలో ఉన్నవాడు దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు?

హైదరాబాదులో ఇంకో తీరు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ఇళ్ళూ ప్లాట్లూ అమ్మించే ఏజెంట్లు రిజిస్టరు కావాలి. టు-లెట్ బోర్డు పక్కన నిలబడే కిరాయి దళారి జోలికి అది పోదు. ఈ విషయంలో ఖతారే నయం.

మీ ముత్తాతలను మద్రాసులో ఓడ ఎక్కించిన రిక్రూటర్లకూ సర్కారు లైసెన్సు ఉండేది. గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళలో చాలామంది దాన్ని చదవలేదు, చదవలేరు. మీరు చదవగలరు. ఖతార్‌లో బంధువులుంటే ఈ మూడు వాక్యాలూ ఫోనులో వాళ్ళతో అని చూడండి:

మీ లైసెన్సు నంబరు ఎంత?
ఇంటి యజమాని ఎవరు?
ఈ ఒప్పందం నా పేరు మీద రిజిస్టరు అవుతుందా?