క్రీస్తును దేవుణ్ని చేసింది చక్రవర్తి కాదు

సంపాదకుల వారికి,

క్రిస్మస్‌కు ముందు ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం పాఠకులు మరిచిపోయి ఉండరు. నైసియా సభకు 1700 ఏళ్లు నిండిన సందర్భమని మొదలుపెట్టి, క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి మత పెద్దలను కూర్చోబెట్టి, ఓట్లు వేయించి, ఒక మంచి బోధకుణ్ని దేవుణ్ని చేశాడని రచయిత రాశారు. అంతకుముందు యేసును ఎవరూ దేవుడనలేదట. కాబట్టి క్రిస్మస్‌ను ఒక మానవతావాది పుట్టినరోజుగా జరుపుకుంటే చాలునట. క్రీస్తు దేవుడు కాడని ఎవరైనా నమ్మవచ్చు, రాయవచ్చు, వాదించవచ్చు. దానికి నాకు అభ్యంతరం లేదు. జరగని చరిత్రను జరిగినట్టు అచ్చువేసి, కోట్లమంది విశ్వాసాన్ని ఒక రాజు హుకుంగా చూపించడం మాత్రం సహించలేను. అదీ పండుగ పూట! పేజీ నిండా రాసిన ఆ వ్యాసంలో ఒక్కటంటే ఒక్క ఆధారం లేదు.

ఆధారాలు కావాలంటే ఎక్కడికో పోనక్కరలేదు, ఆ నైసియా ప్రాంతంలోనే ఉన్నాయి. నైసియా అంటే నేటి టర్కీలోని ఇజ్నిక్. రోమన్ల కాలంలో అది బితీనియా రాష్ట్రంలో ఉండేది. సభకు రెండు వందల ఏళ్ల ముందు, సుమారు క్రీ.శ. 112లో, అదే బితీనియాకు గవర్నరుగా ఉన్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి క్రైస్తవుల గురించి ఉత్తరం రాశాడు. ఆయన క్రైస్తవుల పక్షం మనిషి కాడు, వాళ్లను పట్టి శిక్షిస్తున్న అధికారి. విచారణలో తేలిందేమిటో ఆయనే చెప్పాడు: వీళ్లు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడుతారు. సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను హింసించి మరీ ప్రశ్నించాడు. చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేసి క్రీస్తును దూషించినవాళ్లను వదిలేశాడు. ససేమిరా అన్నవాళ్లను చంపించాడు. ఒక మంచి బోధకుణ్ని దూషించలేక ప్రాణాలు వదులుకున్నారా వీళ్లు? ఇంకొకటి చూడండి. ఇశ్రాయేలులోని మెగిద్దో జైలు ఆవరణలో 2005లో తవ్వకాలు జరుపుతుంటే మూడో శతాబ్దపు ప్రార్థన స్థలం ఒకటి బయటపడింది. నేల మీద చిన్న చిన్న రంగురాళ్లు పొదిగి గ్రీకులో రాసి ఉంది: ఒక స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకు బల్లను సమర్పించుకుందని. కాన్‌స్టాంటైన్ అప్పటికి పుట్టనే లేదు.

ఇవి తర్వాతి కాలపు మాటలు అంటారేమో. అయితే పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకోండి. సిలువ జరిగిన సుమారు ముప్పై ఏళ్లలో రాసింది. దేవునితో సమానుడైనవాడు తన్ను తాను తగ్గించుకొని, దాసుని రూపం ధరించి, సిలువ మరణం దాకా విధేయుడయ్యాడని రెండో అధ్యాయంలో ఉంది. ప్రతి మోకాలూ ఆయన పేరిట వంగుతుందని కూడా ఉంది. యెషయా గ్రంథంలో ఆ మోకాళ్ల మాట యెహోవా తన గురించి తాను చెప్పుకున్నది. ఒక్క దేవుణ్ని తప్ప మరొకరిని మొక్కని యూదుడు పౌలు. అలాంటివాడు ఆ మాటను తెచ్చి యేసుకు అన్వయించాడంటే, దాన్ని మర్యాద కోసం వాడిన బిరుదుగా తీసుకోవడం కుదరదు.

ఇక నైసియా సభలో అసలు గొడవ ఏమిటి? యేసు మనిషా, దేవుడా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఏరియస్ అనే అలెగ్జాండ్రియా గురువు, కుమారుడు తండ్రి చేసిన మొదటి సృష్టి అనీ, ఆయన ద్వారానే లోకం కలిగిందనీ బోధించాడు. కాదు, తండ్రీ కుమారుడూ ఒకే తత్త్వం అని ఎదుటి పక్షం అంది. అంటే ఓడిపోయిన ఏరియస్ కూడా క్రీస్తును కేవలం మనిషి అనలేదు. మీ వ్యాసకర్త అభిప్రాయం ఉన్నవాళ్లు ఆ సభలో ఏ పక్షంలోనూ లేరు. ఏరియస్ వెంట చివరిదాకా నిలబడింది ఇద్దరు బిషప్పులే. చక్రవర్తి ఒత్తిడి లేదా అని అడగవచ్చు. ఉంది, నేను కాదనను. అయితే ఆ ఒత్తిడి తర్వాత ఎటు తిరిగిందో కూడా చెప్పాలి కదా! కొన్నేళ్లకే కాన్‌స్టాంటైన్ ఏరియస్‌ను వెనక్కి పిలిపించాడు, నైసియా తీర్మానానికి కట్టుబడ్డ అథనేసియస్‌ను దేశాంతరం పంపాడు. 337లో మరణశయ్య మీద చక్రవర్తికి బాప్తిస్మమిచ్చింది కూడా ఏరియస్‌ను వెనకేసుకొచ్చిన బిషప్పే. చక్రవర్తి కొడుకు కాన్‌స్టాంటియస్ ఏరియన్ల వైపే మొగ్గాడు. అథనేసియస్ అయిదుసార్లు ప్రవాసం పోయాడు. చక్రవర్తుల ఇష్టమే చెల్లి ఉంటే ఈరోజు మన చర్చిల్లో ఏరియస్ మాటే వినిపించేది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా తేలని ఈ పోరును, ఒక రాజు ఒక్క పూటలో ముగించాడని రాయడం అన్యాయం.

యేసు తానే దేవుణ్నని ఎక్కడ అన్నాడు అన్నది మరో ప్రశ్న. గట్టి ప్రశ్నే. సువార్తల్లో ముందు రాసిందని పండితులు చెప్పే మార్కునే చూద్దాం. పక్షవాయువు వచ్చినవాణ్ని ఇంటికప్పు విప్పి కిందికి దించితే, యేసు ముందుగా అతని పాపాలు క్షమించాడు. దేవుడు తప్ప పాపాలు క్షమించగలవారెవరని శాస్త్రులు మండిపడ్డారు. వాళ్లకు అర్థమైంది సరిగ్గానే అర్థమైంది. ఆయన మీద ప్రధాన యాజకుడు మోపిన నేరం కూడా దైవదూషణే. అదే మార్కులో, అంతిమ దినం ఎప్పుడో కుమారునికీ తెలియదన్న మాట ఉంది, దాన్నీ దాచనక్కరలేదు. ఆకలి, అలసట, ఏడుపు, తెలియనితనం కూడా ఉన్న మానవ జన్మను దేవుడు నిజంగా ఎత్తాడని చెప్పడమే క్రిస్మస్. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన పసివాడు ఎదగాల్సిందే, నేర్చుకోవాల్సిందే. దేవుడు దూరం నుంచి జాలిపడి ఊరుకోక, మన బతుకులోకే వచ్చాడన్నది ఈ పండుగకు ప్రాణం. అది తీసేస్తే మిగిలేది కేకు, నక్షత్రం, దీపాల తోరణం.

కేకు అన్నాను కాబట్టి మీ హిందూపురం పేజీ మాట కూడా చెప్పాలి. డిసెంబరు వచ్చిందంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సెమీ క్రిస్మస్ ఫొటోలే. నాయకులు కేకు కోస్తారు, పాస్టర్ల నోటికి అందిస్తారు, శాలువాలు కప్పుతారు. ఎవరు వచ్చారన్న పేర్లు వరసగా ఉంటాయి, ఎవరు పుట్టారన్నది ఒక్క వాక్యంలో ఉండదు. తప్పు మీ ఒక్కరిదే కాదు, వేదిక కట్టి పిలిచే మా సంఘాలదీ ఉంది. పండుగను ఇలా ఖాళీ చేసి చూపిస్తుంటే, ఆ వ్యాసం పాఠకులకు నిజమనిపించడంలో ఆశ్చర్యం లేదు.

డిసెంబరు 25 అసలు రోమన్ల సూర్యుని పండుగ అని కొందరనే మాటకు వస్తాను. బైబిలులో తేదీ లేదు. రోములో ఆ రోజున క్రిస్మస్ జరుపుకున్నట్టు దొరికే తొలి ఆధారం 336 నాటిది. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6న జరుపుకుంటుంది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్నది పండితులు తేల్చుకోవాలి. తేదీ మారినా, పుట్టినవాడు ఎవరన్న విశ్వాసం మారదు. నైసియా సభ ఈస్టరు తేదీ గురించి చర్చించింది గానీ క్రిస్మస్ ఊసే ఎత్తలేదు.

క్రీస్తును మహనీయుల్లో ఒకరంటే సామరస్యం పెరుగుతుంది గదా అని వ్యాసం చివర ఉంది. ఆ సదుద్దేశాన్ని గౌరవిస్తాను. కానీ పక్కవాడి నమ్మకాన్ని పలచన చేస్తే తప్ప సామరస్యం కుదరదనడం మన సీమ సంగతి తెలియని మాట. పెనుకొండ బాబయ్య దర్గాకు పోయే హిందువులు ముసల్మానుల నమ్మకం సగం తగ్గించమని అడగలేదు. క్రీస్తు దేవుడన్నది తెల్లదొరలు రుద్దిన సిద్ధాంతమనడానికీ వీల్లేదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనంద కవి ‘వేదాంత రసాయనము’ అని క్రీస్తు కథను తెలుగు పద్యకావ్యం చేశాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో నేటికీ పాడుకుంటున్నాం. వీళ్లు తమ బుద్ధితో ఆలోచించి, తమ భాషలో క్రీస్తును దేవుడని పాడారు.

హైదరాబాదులో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, బెంగళూరులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఉన్నాయి. సంఘ చరిత్ర బోధించేవాళ్లు అక్కడ ఉన్నారు. వారిలో ఒకరి చేత నైసియా సభ మీద రాయించి, అదే అనుబంధంలో, అంతే చోటిచ్చి వేయండి. మీ వ్యాసకర్త దగ్గర 325కు ముందు క్రీస్తును ఎవరూ దేవుడనలేదనడానికి ఆధారం ఉంటే అదీ పక్కనే వేయండి, చదువుతాం. లేకపోతే ఆ వాక్యం తప్పని మీ పత్రికే ప్రకటించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పరిగి, శ్రీ సత్యసాయి జిల్లా