ముసలి ఎద్దుకు మేత ఎవరు వేయాలి?

ఒంగోలు గిత్త పేరు వింటే మన ఛాతీ పొంగుతుంది. ఆ జాతి బ్రెజిల్ దేశంలో నెల్లూరు పేరు మీదనే ‘నెలోరె’గా వర్ధిల్లుతున్నదని ఎన్నిసార్లు చెప్పుకున్నామో! అయితే ఆ గిత్తను సొంతగడ్డ మీద పెంచవలసిన రైతు గోడు మనకు పట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. ఎద్దు మాత్రం ఇక దేనికీ పనికిరాదని అధికారి ధ్రువపత్రమిస్తే వధకు అనుమతించింది. 2017 మే నెలలో కేంద్రప్రభుత్వం సంతల నియమాలు తెచ్చి ఆ వెసులుబాటుకూ అడ్డుకట్ట వేసింది. అమ్మేవాడు తన పశువును కబేళాకు తేలేదని రాసివ్వాలి. కొనేవాడు తాను రైతునని రుజువు చూపాలి. ఒక్క అమ్మకానికి ఐదు ప్రతుల పత్రం! గేదెలకూ ఇదే నియమం. ఆ నెలలోనే మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం నిలుపుదల చేసింది. జూలైలో సుప్రీంకోర్టు దానిని దేశమంతటికీ వర్తింపజేసింది. నియమాలు ఆగాయి గాని, వాటి వెనుకనున్న ఆలోచన ఆగలేదు.

రైతు ముసలి ఎద్దును అమ్మి, వచ్చిన సొమ్ముకు మరికొంత కలిపి కోడెను కొంటాడు. ఆ అమ్మకం ఆగితే పని చేయని నోటికీ మేత వేయాలి. అంతకంటే ట్రాక్టరును బాడుగకు పిలవడం సుఖమనుకుంటాడు. కొట్టం ఖాళీ అవుతుంది. కాపాడతామన్న చట్టమే పశువును పెంచేవాడు లేకుండా చేస్తుంది.

మనమున్న దేశాన్ని చూడండి. బతికున్న గొర్రెలను ఓడల్లో ఎగుమతి చేయడం 2028 మే 1 నుంచి ఆగాలని 2024లో ఇక్కడ చట్టం చేశారు. ఇదీ కరుణ పేరుతో వచ్చినదే. కాని దాదాపు నాలుగేళ్ల వ్యవధినిచ్చి, మొదట 10.7 కోట్ల డాలర్లు, తరువాత మరికొంత కేటాయించారు. చట్టమే వద్దని పశ్చిమ ఆస్ట్రేలియా రైతులు లారీలతో పెర్త్ వీధులను నింపారు. వారి కోపం సంగతి ఎలా ఉన్నా, కరుణకు ఖర్చుంటుందని ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకొన్నది. ఢిల్లీ నియమాలలో రైతుకు ఒక్క గడ్డిపోచ కూడా లేదు.

గోమాతను అమ్మడం పాపం కాదా అని మన గుడిలోనే కొందరు అడుగుతారు. ఫిజీ చెరకు తోటల్లో ఎద్దులతో దున్నినవారి మనుమడిని నేను. ఎద్దుకు మొక్కిన ఆ చేతులే దాని ధరనూ లెక్కపెట్టాయి. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో కనుమనాడు మనం పటంలోని ఎద్దుకు బొట్టు పెడతాం. దానికి దాణా అక్కరలేదు.

అమ్మకాన్ని ఆపదలచిన ప్రభుత్వం ఆ పశువును న్యాయమైన ధరకు తానే కొనాలి, లేదా నెలనెలా మేత ఖర్చును రైతు చేతికివ్వాలి. రెండూ చేతకాకపోతే సంత జోలికి పోరాదు.