వెదకని చోట దొరికిన కణితి

తలనొప్పికో, తల తిరుగుటకో, బండి మీదినుండి పడినప్పుడు తగిలిన దెబ్బకో తీయించిన ఎం.ఆర్.ఐ.లో, ఆ బాధతో సంబంధమే లేని చిన్న కణితి యొకటి పీయూష గ్రంథియందు కానవచ్చుట నేడు అరుదు కాదు. వైద్యునికంటె ముందే ఆ నివేదికను చదువుకొనిన రోగి గుండె చేత బట్టుకొని శస్త్రవైద్యుని యొద్దకు పరుగెత్తును. ఆ పరుగు చాల సందర్భములలో అనవసరమని నా అభిప్రాయము. ఏలయన, అన్య కారణములచే మరణించినవారి శవపరీక్షలలో సుమారు పదిమందిలో ఒకరికి ఇట్టి కణితి కనబడుచునే యున్నది. 1994లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, ఆరోగ్యవంతులైన 100 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా 10 మందిలో కణితిని పోలిన మచ్చ గోచరించినది.

కత్తికి ముందు రక్తపరీక్ష జరుగవలెను. ప్రొలాక్టిన్, పెరుగుదల హార్మోను ఆధిక్యమును తెలుపు ఐ.జి.ఎఫ్.-1, లక్షణములను బట్టి కార్టిసాల్. కణితి 10 మిల్లీమీటర్లకు మించినచో గ్రంథి తక్కిన స్రావములలో లోపమున్నదేమో యను పరీక్ష. అది దృష్టినాడుల కూడలిని తాకుచున్నచో కంటిచూపు పరిధి పరీక్ష. పెరుగుదల హార్మోను ఆధిక్యమునకు గుర్తులైన ఉంగరము బిగియుటను, చెప్పుల కొలత పెరుగుటను రోగి తానై చెప్పడు, అడుగవలెను.

మన యొద్ద మిక్కిలి ఉపేక్షింపబడునది మందుల చరిత్ర. గ్యాసునకని దుకాణములో అడిగి తెచ్చుకొను మాత్రలలో పాంటోప్రజోలుతో కలిసియుండు డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచును; మానసిక వ్యాధుల మందులు కొన్నియు నంతే. ఈ పెరుగుదలకును, చిత్రములోని నిరపాయమైన మచ్చకును, బోడిగుండుకు మోకాలికి ముడివేసినట్లు ముడివేసి, ఏండ్ల తరబడి ప్రొలాక్టిన్‌ను తగ్గించు కాబెర్గోలిన్ మాత్రలు మ్రింగించుట వైద్యము కాజాలదు. అంతకంటె శోచనీయమైనది వేరొకటి కలదు: థైరాయిడ్ లోపము చిరకాలము చికిత్స లేక మిగిలినచో పీయూష గ్రంథియే ఉబ్బి కణితివలె భ్రమింపజేయును. చవుకయైన థైరాక్సిన్ మాత్రతో తగ్గవలసిన ఆ వాపును కోసివేసినచో, రోగికి జీవితాంతము స్రావముల కొరత మిగులును.

నిజముగా ప్రొలాక్టిన్ స్రవించు కణితి, ఎంత పెద్దదైనను, ప్రాయికముగా మాత్రలకే లొంగును. అయితే స్రావము మితిమీరినప్పుడు యంత్రము పొరబడి స్వల్పసంఖ్యను చూపవచ్చును గనుక, భారీ కణితియందు నమూనాను పలుచన చేసి మరల పరీక్షింపవలెను.

స్రావము సరిగా నుండి, చూపు చెడని చిన్న కణితికి మరుసటి ఎం.ఆర్.ఐ. యేడాది పిదప, పెద్దదానికి ఆరునెలల పిదప చాలునని 2011 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకములు చెప్పుచున్నవి. మూడునెలల కొకసారి తీయించుట వలన రోగి భయమును, పరీక్షాకేంద్రముల ఆదాయమును మాత్రమే పెరుగును. చూపు క్షీణించుచున్నప్పుడును, ప్రొలాక్టిన్ గాక అన్య హార్మోను అధికముగా స్రవించునప్పుడును శస్త్రచికిత్సయే శరణ్యము. అకస్మాత్తుగా దుర్భరమైన తలనొప్పి వచ్చి, వస్తువులు రెండుగా కనబడినచో, కణితిలో రక్తస్రావమైనదేమో యని శంకించి, తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే పెద్దాసుపత్రికి చేర్పవలెను.